గళ్ళ నమూనా ఉన్న పాత టిబెట్ ఉన్ని తివాచీ: దీని వయసు ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న
పంపినవారు: హనుమకొండ నివాసి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్న ఒక పాత ఉన్ని తివాచీ గురించి తెలిసినవారి సలహా కోరుతున్నాను. మా నాన్నగారు సైన్యంలో ఉండగా 1963 చలికాలంలో పశ్చిమ బెంగాల్ కొండల్లోని కాలింపాంగ్ బజారులో దీన్ని కొన్నారు. టిబెట్ నుంచి వలస వచ్చిన ఒక కుటుంబం ఇంటి సామాను అమ్ముకుంటుంటే, వారు అడిగిన ధరకే బేరం చేయకుండా తీసుకున్నానని ఆయన చెప్పేవారు. నాన్నగారు పోయి నాలుగేళ్లయింది. ఇన్నాళ్లూ పాత ట్రంకు పెట్టెలో ఉన్న తివాచీని గత నెల బయటకు తీస్తే, ఒక మూల అరచేయి వెడల్పున పురుగు తినేసి ఉంది.

తివాచీ వెడల్పు దాదాపు మూడు అడుగులు, పొడవు ఆరడుగులకు రెండు అంగుళాలు తక్కువ. ముదురు నీలం, ఇటుక ఎరుపు గళ్ళు చదరంగం బల్లలా ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. నీలం అంతా ఒకే నీలం కాదు. ఒక చివర నుంచి నాలుగో వరుస దగ్గర అది ఉన్నట్టుండి పలచబడి, మళ్ళీ రెండు వరుసల తరువాత ముదురుతుంది. చుట్టూ ఎర్రటి ఉన్ని గుడ్డను మడిచి చేతితో కుట్టారు. పువ్వు, పక్షి, డ్రాగన్ వంటి బొమ్మలేవీ లేవు.

పాత వస్తువులు కొనే ఒక వ్యాపారికి చూపిస్తే, ఇది రెండు వందల ఏళ్ల నాటిదని, మందునీళ్లతో కడిగిస్తే రంగు తేలి మంచి ధర పలుకుతుందని అన్నారు. మా బంధువు ఒకరు మాత్రం ఇది మన వరంగల్ జంఖానాయే (దరీయే) ననీ, నాన్నగారిని ఎవరో మోసం చేశారనీ అంటున్నారు. అమ్మే ఉద్దేశం నాకు లేదు. ఇది నిజంగా ఏమిటో తెలుసుకోవాలని, పాడుకాకుండా మా పిల్లలకు అందించాలని నా కోరిక. దీని వయసును ఇంట్లోనే అంచనా వేసే మార్గం ఉందా? పురుగును ఎలా ఆపాలి? కడిగించవచ్చా?

సమాధానం 1
పంపినవారు: కొత్తవాడ మగ్గం

నమస్కారం అండి. మాది వరంగల్ కొత్తవాడలో మూడు తరాలుగా దరీలు నేసే కుటుంబం. ముందు మీ బంధువు గారి సందేహానికి జవాబు చెబుతాను, ఎందుకంటే అది తేలిగ్గా తీరేది. మీ తివాచీకి పైన నూగు ఉందా, లేదా? వేలితో తడిమితే వెంట్రుకల్లా లేచి, ఒకవైపు నిమిరితే వంగి, ఎదురు నిమిరితే మొరాయించే పొర ఉంటే అది జంఖానా కానేకాదు. మా దరీలో నూగు ఉండదు. అడ్డంగా సాగే పేక నూలు నిలువు పోగులైన పడుగును పూర్తిగా కప్పేస్తుంది, పంజా అనే దువ్వెన లాంటి పనిముట్టుతో కొట్టి కొట్టి పేకను బిగిస్తాం, అందువల్ల రెండు ముఖాలూ ఒకేలా ఉంటాయి, ఏ వైపైనా పరుచుకోవచ్చు. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ దరీ అంటే ఇదే, అందులో ప్రధానంగా వాడేది పత్తి నూలు. గళ్ళు చూసి మీ బంధువు పొరబడి ఉంటారు. మేము కూడా గళ్ళ దరీని షత్రంజీ అంటాం, ఆ మాట చదరంగం నుంచి వచ్చిందే. నమూనా ఒకటే అయినంత మాత్రాన నేత ఒకటి కాదు.

ఓరుగల్లులో నూగు తివాచీలు అసలు నేయలేదని కాదు. ఇక్కడి తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శన దాకా వెళ్ళాయి. కానీ అవి పారశీక పద్ధతిలో ఒక్కో ముడినీ విడిగా వేసి, అప్పటికప్పుడే దారం కోసేసే నేత. టిబెట్ వారి పని వేరు, నాకు ఎంతో ఇష్టమైన పని కూడా, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

టిబెట్ మగ్గం నిలువుగా ఉంటుంది. నేసేవారు పడుగు మీద అడ్డంగా ఒక కడ్డీ పెట్టుకుని, ఉన్ని దారాన్ని రెండు పడుగు పోగుల చుట్టూ తిప్పి, కడ్డీ మీదుగా తెచ్చి, మళ్ళీ పక్క రెండు పోగుల చుట్టూ తిప్పి, మళ్ళీ కడ్డీ మీదుగా తెస్తూ పోతారు. రంగు మారే చోటు వచ్చేవరకు దారం తెగదు. వరుస చివరికి చేరేసరికి కడ్డీ నిండా ఉచ్చులు దగ్గరదగ్గరగా కూర్చుని ఉంటాయి. అప్పుడు కడ్డీ మీది ఉచ్చులను కత్తితో నిలువునా చీలిస్తే కడ్డీ చేతికి వస్తుంది, తెగిన కొనలు నూగుగా నిలబడతాయి. కడ్డీ ఎంత లావుంటే నూగు అంత ఎత్తు. ముడి ముడికీ దారం కోసే పని లేదు కనుక చేయి వేగంగా సాగుతుంది; ముళ్ళు మాత్రం పారశీక తివాచీల్లో ఉన్నంత సన్నంగా ఉండవు. పాత టిబెట్ తివాచీల్లో చదరపు అంగుళానికి నలభై, యాభై, అరవై ముళ్ళు మామూలు. సన్నటి పారశీక తివాచీలో ఆ లెక్క వందల్లో ఉంటుంది. తక్కువ ముళ్ళతో గుండ్రని పువ్వు వేస్తే అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. గళ్ళు, గీతలు, మెట్ల ఆకారాలు మాత్రం ఆ నేతలో చక్కగా ఒదుగుతాయి. మగ్గం ముందు కూర్చున్నవారికి గళ్ళ నమూనా ఎందుకు ముద్దుగా ఉంటుందో నాకు వెంటనే అర్థమవుతుంది: కాగితం మీద బొమ్మ అవసరం లేదు, ఇన్ని పోగులు నీలం, ఇన్ని పోగులు ఎరుపు అని లెక్క నోటికి వస్తే చాలు.

మీరు రాసిన నీలం తేడా లోపం కాదు. చిన్న పాత్రల్లో కొంచెం కొంచెంగా నూలు అద్దినప్పుడు ఒక విడత రంగు ఇంకో విడతతో సరిగ్గా కలవదు. నాలుగో వరుస దగ్గర ఒక కండె అయిపోయి, మరో అద్దకంలోని కండె అందుకున్నారని ఆ గీత చెబుతోంది.

వయసు సంగతికి వస్తే, పైభాగం వదిలేసి వెనుక భాగం చూడండి. నాలుగు పనులు చేయండి. ఎర్ర గుడ్డ కుట్టు ఊడిన చోటు దొరికితే, అక్కడ కనిపించే పడుగు పోగు ఉన్నిదో, పత్తిదో చూడండి. ఆ పోగు కొసను, నూగు నుంచి రాలిన ఒక వెంట్రుకను విడివిడిగా పళ్ళెంలో పెట్టి కాల్చండి: ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వచ్చి నల్లటి పొడి అవుతుంది, పత్తి అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద మిగులుతుంది, ఏదైనా కరిగి గట్టి పూసలా అయితే అది కృత్రిమ నూలు. తరువాత వెనుక వైపు అంగుళం కొలిచి ముళ్ళు లెక్కపెట్టండి. చివరిగా, నూగును రెండు వేళ్ళతో విడదీసి, మొదలు రంగు, కొస రంగు పగటి వెలుగులో పోల్చి రాయండి. వచ్చిన వివరాలు ఇక్కడ పెట్టండి.

సమాధానం 2
పంపినవారు: గ్యాంగ్‌టక్‌లో పనిచేసిన ఉపాధ్యాయురాలు

నేను పదకొండేళ్ళు సిక్కింలో ఉద్యోగం చేసి, ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. అక్కడి ఇళ్ళలో ఇలాంటి తివాచీల మీద ఎన్నోసార్లు కూర్చున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

మీరు చెప్పిన కొలత చాలా ముఖ్యమైన ఆధారం. మూడు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు అంటే అది టిబెటన్లు ఖాదెన్ అని పిలిచే తివాచీ. నేల మీద పరిచి తొక్కడానికి కాదు, గోడ వెంట వేసిన బల్లమంచం మీద పగలు కూర్చోవడానికి, రాత్రి పడుకోవడానికి నేసుకున్నది. గుర్రం జీను కిందా, జీను పైనా వేసేవి, ఒక్కరు కూర్చునే చదరపు ముక్కలు, మఠాల్లో స్తంభాలకు చుట్టేవి వేరువేరు కొలతల్లో ఉంటాయి. చుట్టూ ఎర్ర ఉన్ని గుడ్డ కుట్టడం కూడా అక్కడి అలవాటే.

డ్రాగన్లు, ఫీనిక్స్ పక్షులు, తామరలు, మేఘాలు ఉన్న తివాచీల్లో చైనా ప్రభావం ఎక్కువగా కనిపిస్తుంది. గళ్ళు, అడ్డగీతలు, కప్పపాదం అని పిలిచే నాలుగు రెక్కల గుర్తు, టిగ్మా అనే శిలువ గుర్తు సొంత ఊరి నేతకు దగ్గరగా ఉన్నవిగా చాలామంది భావిస్తారు. టిగ్మా సంగతి మన తెలంగాణ వారికి ప్రత్యేకంగా నచ్చుతుంది. మన పోచంపల్లిలో నూలును కట్టి అద్దినట్టే, ఉన్ని గుడ్డను అక్కడక్కడా దారంతో బిగించి రంగులో ముంచితే మిగిలే గుర్తు అది. తరువాత అదే గుర్తును తివాచీ మీద ముళ్ళతో నేశారు. అంచుల్లో స్వస్తిక గొలుసు, ఆంగ్ల టీ అక్షరం ఆకారపు గీత కూడా తరచుగా వస్తాయి. టిబెట్ వారు స్వస్తికను యుంగ్‌డ్రుంగ్ అంటారు, చెక్కుచెదరని స్థిరత్వానికి అది గుర్తు.

గ్యాంత్సే, షిగాత్సే, ఖంపా జోంగ్ ప్రాంతాలు ఈ నేతకు పేరుమోశాయి. వాంగ్డెన్ లోయలో మఠాల కోసం నేసిన మందపాటి తివాచీలు వేరే రకం. వాటి వెనుక భాగంలో పడుగే పైకి తేలి కనిపిస్తుంది. కాబట్టి ముళ్ళు లెక్కించేటప్పుడు మీరు ఈ సంగతి కూడా గమనించండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. 1959 తరువాత వలస వచ్చినవారి కోసం డార్జిలింగ్‌లో అదే ఏడాది అక్టోబరులో స్వయం సహాయక కేంద్రం మొదలైంది, నేపాల్‌లో జావలాఖేల్ కేంద్రం 1960లో మొదలైంది. ఈ రెండు చోట్లా తివాచీలు నేశారు. కాబట్టి 1963లో కాలింపాంగ్‌లో కొన్నది అప్పుడే కొత్తగా నేసింది కావడానికి కూడా అవకాశం ఉంది. కొన్నప్పుడే అది పాతగా ఉందా అన్న సంగతి మీ ఇంట్లో ఎవరికైనా గుర్తుందా?

సమాధానం 3
పంపినవారు: మంచిర్యాల పాఠకుడు

అది సహజ రంగులతో అద్దినది అయితే వందేళ్లు దాటినట్టే లెక్క. నీలిమందు, మంజిష్ఠ వాడకం ఎప్పుడో పోయింది కదా. కడగడానికి కుంకుడుకాయ రసం వాడి, ఎండలో ఆరబెట్టండి, పురుగు కూడా పోతుంది.

సమాధానం 4
పంపినవారు: వస్త్ర సంరక్షణ విద్యార్థిని

పై సలహాలో రెండు విషయాలతో నేను గట్టిగా విభేదిస్తున్నాను, ఎందుకంటే దాన్ని పాటిస్తే తివాచీకి నష్టం జరుగుతుంది.

మొదటిది రంగుల సంగతి. టిబెట్‌లో నీలానికి భారతదేశం నుంచి వెళ్ళిన నీలిమందు, ఎరుపుకు మంజిష్ఠ జాతి వేళ్ళు, లక్క, పసుపుకు రేవల్చిని, గోధుమ రంగుకు అక్రోటు కాయ పైతొక్క వాడారు. కృత్రిమ రంగులు 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో వర్తకుల ద్వారా అక్కడికి చేరాయి. అవి రాగానే పాత రంగులు మాయమైపోలేదు, రెండూ కలిసి చాలాకాలం నడిచాయి. ఒకే తివాచీలో నీలం సహజమైనది, ఎరుపు కృత్రిమమైనది కావడం కూడా జరిగింది. కాబట్టి కృత్రిమ రంగు కనబడితే ఆ తివాచీ 19వ శతాబ్దపు రెండో సగానికి ముందుది కాదని చెప్పవచ్చు, కానీ సహజ రంగు కనబడినంత మాత్రాన వందేళ్లు దాటిందని చెప్పలేం.

రెండోది కడగడం. దయచేసి ఇంట్లో కడగకండి, ఆ వ్యాపారి చెప్పిన మందునీళ్లకు అసలే ఇవ్వకండి. ఆ మందు ఉన్ని పైపొరను తినేసి మెరుపు తెస్తుంది, ఆ మెరుపు చూసి కొనేవారు సంతోషిస్తారు, పోగు మాత్రం బలహీనపడుతుంది. నేను ఒక పాత శాలువాను నమ్మకంతో ఒక కడిగే దుకాణానికి ఇచ్చాను. తిరిగి వచ్చేసరికి దాని ఎర్ర అంచు తెల్లటి భాగంలోకి వేలెడు మేర కారిపోయి ఉంది, అది ఇక పోలేదు. తడిపి చూడాలనిపిస్తే, ఒక తెల్లటి పత్తి గుడ్డను తడిపి గట్టిగా పిండి, ఎవరికీ కనబడని మూల ఎరుపు మీద అర నిమిషం అద్ది చూడండి. గుడ్డకు గులాబీ మరక అంటితే ఆ తివాచీని నీటికి దూరంగా ఉంచాలి.

ఇప్పుడు పురుగు. ఉన్ని తినేది రెక్కల పురుగు కాదు, దాని గొంగళి. చీకటి, కదలిక లేని చోటు, పాత చెమట, జిడ్డు దానికి ఇష్టం. ట్రంకు పెట్టెలో అవన్నీ దొరికాయి. వేపాకు వాసన కొత్త పురుగును కొంత దూరం పెట్టవచ్చు గాని, ఇప్పటికే లోపల ఉన్న గుడ్లను చంపదు. మే నెల వరంగల్ ఎండ రంగును మనిషి కళ్ళముందే తీసేస్తుంది, కాబట్టి ఎండలో గంటల తరబడి వేయడం మంచిది కాదు. దీనికి నమ్మదగిన మార్గం చలి. తివాచీని మడవకుండా చుట్టి, రెండు పొరల పాలిథిన్‌లో గాలి చొరబడకుండా బిగించి, సున్నాకు దిగువన పద్దెనిమిది డిగ్రీలు లేదా ఇంకా తక్కువ చలి ఉండే పెద్ద పెట్టె ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. మూడు అడుగుల చుట్ట ఇంటి ఫ్రిజ్‌లో పట్టదు. తెలిసిన ఐస్‌క్రీం దుకాణం వారిని అడగండి, మా అత్తయ్య గారి కంబళ్ళకు మేము అలాగే చేశాం. బయటకు తీశాక ఒక రోజంతా పాలిథిన్ విప్పకండి. విప్పితే గాలిలోని తేమ చల్లటి ఉన్ని మీద నీరుగా కూర్చుంటుంది.

తరువాత వస్త్రాల దుకాణంలో గుడ్డ చుట్టి వచ్చే అట్ట గొట్టం ఒకటి తెచ్చి, దానికి ఉతికిన కోరా గుడ్డ చుట్టి, నూగు బయటికి వచ్చేలా తివాచీని దాని మీద చుట్టి, పైన మళ్ళీ కోరా గుడ్డే కప్పండి. పాలిథిన్‌లో శాశ్వతంగా ఉంచవద్దు, మన వానాకాలపు తేమ లోపల ఇరుక్కుని బూజు పడుతుంది. మూడు నెలలకొకసారి విప్పి, దులిపి, వెలుగు చూపించండి. పురుగు తిన్న భాగంలో కొత్త ముళ్ళు వేయించకండి. వెనుక అదే రంగు పత్తి గుడ్డను సన్నటి కుట్లతో ఆనించి కుట్టిస్తే చిరుగు పెరగకుండా ఆగుతుంది.

ఇంకొక చిన్న విషయం: 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువును ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. విదేశీ కొనుగోలుదారు ఉన్నారని ఎవరైనా ఆశ చూపితే గుర్తుంచుకోండి.

ప్రశ్నించినవారి స్పందన
పంపినవారు: హనుమకొండ నివాసి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం పొద్దున వరండాలో తెల్ల దుప్పటి పరిచి, దాని మీద తివాచీని బోర్లా వేసి, మా అమ్మాయి భూతద్దం పట్టుకుంటే మీరు చెప్పిన ప్రతి పనీ చేశాను.

నూగు ఉంది, రెండు ముఖాలూ ఒకటి కాదు. నూగు వెంట్రుకను కాలిస్తే వంటింట్లో జుట్టు కాలిన వాసన నిండింది. ఎర్ర గుడ్డ ఊడిన చోట పడుగు పోగు తీసి కాలిస్తే కాగితం వాసన వచ్చింది, తెల్లటి బూడిద మిగిలింది. కాబట్టి పడుగు పత్తి, నూగు ఉన్ని. ఆ పత్తి పోగు మూడు పేటల సమానమైన నూలు, ఎక్కడా లావు సన్నం లేదు. వెనుక వైపు పడుగు పైకి తేలి లేదు, ముళ్ళ వరుసలే కనిపిస్తున్నాయి. మూడు చోట్ల లెక్కపెట్టాను, అంగుళానికి అడ్డంగా ఏడు, నిలువుగా ఆరు ముళ్ళు వచ్చాయి. నీలం మొదట్లోనూ కొసలోనూ ఒక్కటే. ఎరుపు మాత్రం కొసలో ఇటుక రంగు, విడదీసి చూస్తే మొదట్లో కుంకుమకు దగ్గరగా మెరుస్తూ ఉంది. తడి గుడ్డ అద్దితే గులాబీ మరక అంటింది.

ఉపాధ్యాయురాలు గారు అడిగిన ప్రశ్నను అమ్మను అడిగాను. అమ్మకు ఎనభై నాలుగేళ్లు, కానీ ఈ విషయం నిన్న జరిగినట్టే చెప్పింది. నాన్న సెలవు మీద కాజీపేట స్టేషన్‌లో దిగి ఈ చుట్టతో ఇంటికి వస్తే, విప్పి చూసి, “ఎవరో పడుకుని అరగదీసిన దాన్ని పైసలు పెట్టి ఎందుకు కొన్నారు?” అని కోప్పడిందట. నడిమి భాగంలో నూగు అప్పటికే పలచబడి ఉందట. నాన్న, “వాళ్ళ తాత పడుకున్నదట, అందుకే కొన్నాను” అన్నారట. నాకు ఇన్నేళ్లూ ఈ మాట ఎవరూ చెప్పలేదు.

సమాధానం 5
పంపినవారు: కొత్తవాడ మగ్గం

మీ వివరాలు చదివి చాలా సంతోషించాను, మగ్గం ముందు కూర్చున్నవారికంటే శ్రద్ధగా చూశారు. నా అంచనా రాస్తాను. పాత టిబెట్ తివాచీల్లో పడుగు కూడా చేతితో వడికిన ఉన్నే. సమానమైన మూడు పేటల పత్తి పడుగు అంటే మిల్లు నూలు, అది 20వ శతాబ్దంలో భారతదేశం నుంచి అక్కడికి వెళ్ళి అలవాటైంది. రంగు కారే ఎరుపు కూడా ఆ కాలానికే సరిపోతుంది. నూగు 1963 నాటికే అరిగి ఉంది కనుక కొత్త కేంద్రాల్లో నేసింది కాదు. నా దృష్టిలో ఇది 20వ శతాబ్దపు మొదటి సగంలో ఒక ఇంటివాళ్ళు తమ వాడకం కోసం నేసుకున్న ఖాదెన్. రెండు వందల ఏళ్లు అన్న మాట నిలవదు. వ్యాపారి ఆ మాట అన్నది గళ్ళను చూసి మాత్రమే. ఈ గళ్ళను అంతకు ముందూ నేశారు, ఇప్పటికీ నేస్తున్నారు.

మన దక్కనీ గొర్రె ఉన్నితో కురుమలు నేసే గొంగడి మీ ఇంట్లో ఉంటే, రెండింటినీ పక్కపక్కన పెట్టి అరచేత్తో నిమిరి చూడండి. మన ఉన్ని పొట్టిది, గరుకుది, వానకు ఆగుతుంది. టిబెట్ పీఠభూమి గొర్రె ఉన్ని పొడవుగా ఉండి, జిడ్డు ఎక్కువగా ఉంటుంది. అరిగిన చోట కూడా మీ తివాచీ మెరుస్తున్నట్టు అనిపిస్తే అది ఆ ఉన్ని గుణమే, మందునీళ్లతో తెచ్చుకోవలసిన మెరుపు కాదు.

ఫ్రీజర్ పని ముగిశాక ఒకసారి మా ఇంటికి తీసుకురండి. వెనుక ఆనించే గుడ్డకు సరిపోయే నీలం పత్తి నూలు మా దగ్గర ఉంది, మా అమ్మ కుట్టు సన్నగా వేస్తుంది. నడిమి అరిగిన భాగాన్ని మాత్రం ముట్టుకోము.